క్లాసులోంచి నేరుగా కందకంలోకి: 1944లో అమెరికా సైన్యం తన కాలేజీ కోర్సును ఎందుకు మూసేసింది?

పాత అట్లాసు
రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం నడిపిన ఏఎస్‌టీపీ (ఆర్మీ స్పెషలైజ్డ్ ట్రైనింగ్ ప్రోగ్రామ్) గురించి పది రోజులుగా చదువుతున్నాను. ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. తెలిసినవాళ్లు చెప్తారని రాస్తున్నాను.

ముందు సంగతి. 1942 నవంబరులో నిర్బంధ సైనిక సేవ వయసును 20 నుంచి 18కి దించారు. కాలేజీలో అడుగుపెట్టే వయసు మగపిల్లలంతా దాని కిందికి వచ్చేశారు. తరగతి గదులు ఖాళీ అవుతాయని కాలేజీలకు భయం. యుద్ధం నాలుగైదేళ్లు సాగితే ఇంజనీర్లకూ డాక్టర్లకూ కరువొస్తుందని ప్రభుత్వానికి భయం. డిసెంబరులో ఈ పథకం వచ్చింది. సైన్యం పెట్టే వర్గీకరణ పరీక్షలో 115 స్కోరు దాటినవాళ్లను యూనిఫాంలోనే, మామూలు సిపాయి జీతం మీదే విశ్వవిద్యాలయాలకు పంపి ఇంజనీరింగ్, వైద్యం, విదేశీ భాషలు చెప్పించాలి. ఆఫీసర్ స్కూలుకు 110 ఉంటే చాలు, దీనికి మాత్రం 115! మొత్తం 227 విద్యాసంస్థలు. 1943 చివరికి దాదాపు 1,45,000 మంది చదువుతున్నారు.

రెండు నెలలు తిరక్కుండానే, 1944 ఫిబ్రవరిలో, దాదాపు 1,10,000 మందిని కోర్సుల్లోంచి తీసేసి యుద్ధ దళాలకు పంపాలని నిర్ణయించారు. ఎక్కువమంది పదాతి దళంలో రైఫిల్‌మన్లుగా తేలారు. వైద్యం, దంతవైద్యం, ఇంకా కొన్ని పైస్థాయి కోర్సులు మాత్రం మిగిలాయి.

ఏరి కోరి తెచ్చుకున్న పిల్లల్ని, సగం చదువు చెప్పి, ఆ చదువుతో పనిలేని చోటికి ఎందుకు పంపారు? అదే సమయంలో కాలేజీల్లో ఆఫీసర్లను తయారుచేయడానికి నౌకాదళం నడిపిన వీ-12 కోర్సుకు ఏమీ కాలేదు. తేడా ఎక్కడుంది?

లెక్కల మాస్టారు
మంచి ప్రశ్న వేశారు. సైన్యం సంగతి నాకన్నా తెలిసినవాళ్లు చెప్తారు, నేను చదువు వైపు నుంచి చెప్తాను. ఇంజనీరింగ్ మొదటి ఏడాది పిల్లలకు 22 ఏళ్లుగా లెక్కలు చెప్తున్నాను.

వాళ్ల టైంటేబుల్ చూస్తే నాకు గౌరవం కలిగింది. వారానికి 59 గంటలు: తరగతి, ప్రయోగశాల కలిపి 24, తప్పనిసరిగా కూర్చుని చదవడానికి మరో 24, వ్యాయామం 6, సైనిక శిక్షణ 5. ఒక్కో టర్ము 12 వారాలు. టర్ముకూ టర్ముకూ మధ్య ఊపిరి పీల్చుకునే వ్యవధి చాలా తక్కువ.

అందరూ 59 అనే అంకె చూసి ఆగిపోతారు. నేను ఆ రెండో 24 దగ్గర ఆగాను. చెప్పిన గంటలెన్నో, పిల్లవాడు తనంతట తాను కుస్తీ పట్టే గంటలూ అన్నే. కోర్సు కుదించమని పైనుంచి ఒత్తిడి వచ్చినప్పుడు మనం మొదట కోసేది ఈ రెండో భాగాన్నే. కలనంలో ప్రతిక్షేపణ పద్ధతి బోర్డు మీద చెప్పడానికి నాకు నలభై నిమిషాలు చాలు. ఏ పదాన్ని యు అనుకోవాలో పిల్లవాడికి తట్టాలంటే మాత్రం వాడు రాత్రి కూర్చుని నాలుగు తప్పు ప్రతిక్షేపణలు చేసి, లెక్క తేలకపోగా ఇంకా చిక్కుపడి, కాగితం కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాలి. అది నేను వాడి తరఫున చేయలేను. ఆ కోర్సు వేసినవాళ్లకు చదువు చెప్పడం తెలుసు. అంత శ్రద్ధతో కట్టినదాన్ని పడగొట్టడమే నాకు బాధ.

మాజీ హవల్దార్
మాస్టారూ నమస్కారం. అట్లాసు గారూ, మీ ప్రశ్నకు జవాబు సైన్యం జనాభా లెక్కలోనే ఉంది.

1944 మొదట్లో పరిస్థితి చూడండి. ఇటలీలో కొండల మీద పోరు, కస్సినో దగ్గర ముందుకు కదలడం లేదు. ఫ్రాన్స్ మీద దిగడానికి కొద్ది నెలలే ఉంది. భర్తీ మాత్రం అనుకున్నంత రావడం లేదు. యుద్ధానికి ముందే పిల్లలు పుట్టిన తండ్రుల్ని నిర్బంధ సేవలోకి తీసుకోవాలా వద్దా అని దేశమంతా వాదన. అలాంటప్పుడు సైన్యాధిపతి జనరల్ మార్షల్ యుద్ధశాఖ కార్యదర్శి స్టిమ్సన్ ముందు రెండు దారులు పెట్టాడు. కాలేజీ కోర్సును బాగా కుదించండి, లేదా పది డివిజన్లను (ఒక్కోటీ వేలమంది ఉండే పెద్ద దళం), వాటితో పాటు మరికొన్ని ట్యాంకు, విమాన విధ్వంసక బెటాలియన్లను రద్దు చేసుకోండి. స్టిమ్సన్‌కు ఈ కోర్సంటే ఇష్టం. అయినా ఒప్పుకోక తప్పలేదు.

ఇంకో మాట. భూసేనల శిక్షణ చూసే జనరల్ మెక్‌నెయిర్ దీన్ని మొదట్నుంచీ వ్యతిరేకించాడు. ఆయన వాదన ఏమిటంటే, తెలివైనవాళ్లంతా వైమానిక దళానికో సాంకేతిక శాఖలకో పోతున్నారు, కాలేజీలు మిగిలినవాళ్లను ఊడ్చుకుపోతే సెక్షన్ (ఎనిమిది, పదిమంది జట్టు) కమాండర్లుగా, సార్జెంట్లుగా నాకెవరు మిగులుతారు? పదాతి దళంలో బుర్రతో పనిలేదనుకునేవాళ్లు ఈ వాదన మీద ఒకసారి ఆలోచించాలి. పొగలో, చప్పుడులో, మ్యాపు తడిసి చిరిగిపోయాక ఎనిమిదిమందిని ఎటు నడిపించాలో తేల్చుకోవడం తెలివితక్కువ పని కాదు. కొత్త రిక్రూట్లకు శిక్షణ ఇచ్చినవాణ్ణి, చూసి చెప్తున్నాను. చదువుకున్న కుర్రాడు ఒక్కడు సెక్షన్‌లో ఉంటే మిగతావాళ్లు కూడా త్వరగా నేర్చుకుంటారు.

మెక్‌నెయిర్ ఆఫీసులో కూర్చుని చెప్పినవాడు కూడా కాదు. 1944 జులై 25న నార్మండీలో, సొంత విమానాల బాంబులు పొరపాటున తమ దళాల మీద పడితే చనిపోయాడు. రెండు వారాలు తిరగకముందే ఆయన ఒక్కగానొక్క కొడుకు పసిఫిక్‌లోని గ్వామ్ దీవిలో పోయాడు.

సుధ చదువరి
హవల్దార్ గారూ, లెక్క అర్థమైంది. మెక్‌నెయిర్ సంగతి చదివి కాసేపు మాట రాలేదు. కానీ మీరు చెప్పింది సైన్యానికి ఏం కావాలో. ఆ పిల్లలకు ఇచ్చిన మాట మాటేమిటి?

కర్ట్ వానెగట్‌ను తీసుకోండి. తర్వాత పెద్ద రచయిత అయ్యాడు. కార్నెగీ ఇన్‌స్టిట్యూట్‌లోనూ టెనెసీ విశ్వవిద్యాలయంలోనూ ఈ కోర్సు కింద మెకానికల్ ఇంజనీరింగ్ చదివాడు. కోర్సు పోయాక 106వ పదాతి డివిజన్‌లో వేశారు. అలాగే వచ్చిన విద్యార్థులు ఆ డివిజన్‌లో ఇంకా చాలామంది. 1944 డిసెంబరులో ఆర్డెన్స్ అడవుల ముందు నిలబెట్టారు, అదీ ప్రశాంతంగా ఉండే చోటని చెప్పి. జర్మన్ల దాడి సరిగ్గా అక్కడే వచ్చింది. ఆ డివిజన్‌లో రెండు రెజిమెంట్లు చుట్టివేతలో చిక్కి డిసెంబరు 19న లొంగిపోయాయి, ఆరు వేల మందికి పైగా. వానెగట్ ఖైదీగా డ్రెస్డెన్ చేరాడు, ఫిబ్రవరిలో ఆ నగరం మీద బాంబులు పడినప్పుడు కబేళా కింది నేలమాళిగలో ఉండి బతికాడు.

ఏడాది కిందట ఉష్ణగతిక శాస్త్రం చదువుతున్న కుర్రాడు. ఇది మాట తప్పడం కాదా?

మాజీ హవల్దార్
అమ్మా, మాట తప్పడమే. కాదనను.

నావికుడి కొడుకు
వీ-12 గురించి నేను చెప్తాను, తేడా అక్కడే బయటపడుతుంది.

1943 జులై 1న మొదలైంది, 131 కాలేజీల్లో. 1946 జూన్ దాకా నడిచింది. మొత్తం 1,25,000 మందికి పైగా చేరారు, దాదాపు 60,000 మంది నౌకాదళంలోనూ మెరైన్లలోనూ ఆఫీసర్లయ్యారు. టర్ముకు 16 వారాలు, ఏడాదికి మూడు టర్ములు. వారానికి 17 క్రెడిట్ల చదువు, తొమ్మిదిన్నర గంటల వ్యాయామం. వీళ్లు మామూలు విద్యార్థుల పక్కనే కూర్చుని, అవే క్లాసులు విన్నారు. ఆటల జట్లలో ఆడారు.

నౌకాదళం ముందే లెక్క కట్టుకుంది: ఇన్ని ఓడలు తయారవుతున్నాయి, ఒక్కో ఓడకు ఇంతమంది ఆఫీసర్లు కావాలి. నౌకా నిర్మాణ కేంద్రాల్లో ఓడ సిద్ధమయ్యే వేళకు కాలేజీలో ఆఫీసర్ సిద్ధం. మిడ్‌షిప్‌మన్ స్కూలు (నౌకాదళ ఆఫీసర్ల శిక్షణ), కమిషన్ (ఆఫీసర్ హోదా), ఓడ. దారి మొత్తం మొదటి రోజే గీసి ఉంది. ఏఎస్‌టీపీ చివర కమిషన్ ఇస్తామన్న హామీ లేదు. కోర్సు పూర్తిచేసినవాడు ఏ యూనిట్‌కు, ఏ హోదాలో వెళ్తాడో స్పష్టంగా రాసి లేదు. ఎవరూ ఎదురుచూడని మనిషిని తీసేస్తే అడ్డుపడేవాళ్లు ఎవరుంటారు?

ఇంకొక సంగతి కూడా చెప్పాలి. వీ-12లో చేరడానికి రంగు ప్రశ్న పెట్టలేదు. అప్పటి నౌకాదళంలో నల్లవాళ్లను ఎక్కువగా వంటిళ్లకు, వడ్డనకు పరిమితం చేసేవారు. సామ్యూల్ గ్రేవ్లీ ఈ కోర్సు కింద లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో చదివి 1944 డిసెంబరులో కమిషన్ పొందాడు. 1971లో అమెరికా నౌకాదళంలో మొదటి నల్లజాతి అడ్మిరల్ అయ్యాడు. ఒక దరఖాస్తు ఫారంలో ఒక గడి లేకపోవడం ఎంత పని చేసిందో చూడండి.

సుధ చదువరి
"ఎవరూ ఎదురుచూడని మనిషి." ఈ మాట నాకు సూటిగా తగిలింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక కంపెనీ తొమ్మిది నెలలు శిక్షణ ఇచ్చింది. పూర్తయ్యేసరికి ఆ విభాగమే లేదు. ప్రాణాల మీదికి వచ్చినదానితో దీన్ని పోల్చను. కానీ నోట్సు పుస్తకాలు సంచిలో పెట్టుకుని బయటికొచ్చిన సాయంత్రం గుర్తొచ్చింది.

కంజి కాగితాలు
దారి గీసి ఉంటే కోర్సు ఎలా నిలబడుతుందో చూడాలంటే భాషల వైపు చూడండి. నేను జపనీస్ అనువాదకురాలిని. మా రంగం మొత్తం ఆ యుద్ధ తరగతుల నుంచే పుట్టిందంటే అతిశయోక్తి కాదు.

నౌకాదళ జపనీస్ భాషా పాఠశాల మొదట బర్క్‌లీలో నడిచింది. 1942 ఫిబ్రవరిలో చేరినవాళ్లలో డోనల్డ్ కీన్ ఒకడు, కొలంబియాలో చదువుతున్న కుర్రాడు. యుద్ధమంటే గిట్టనివాడు. రోజుకు నాలుగు గంటల క్లాసు, వారానికి ఆరు రోజులు, శనివారం పరీక్ష. క్లాసుకు ఆరుగురికి మించరు. ఇంటి దగ్గర కనీసం మరో నాలుగు గంటలు. పదకొండు నెలల్లో చేతిరాత లేఖలు చదివే స్థాయికి తెచ్చారు.

కంజి, అంటే జపనీస్‌లో వాడే చైనా మూలపు అక్షరాలు, నేర్చుకున్నవాళ్లకే తెలుస్తుంది అది ఎంత పనో. అచ్చులో 'నీరు' అనే అక్షరం నాలుగు గీతలతో విడివిడిగా ఉంటుంది. గొలుసు రాతలో అదే అక్షరం కలం ఎత్తకుండా లాగిన ఒక మెలిక. పుస్తకంలో వెయ్యి అక్షరాలు నేర్చుకుని ఒక ఉత్తరం చేతిలోకి తీసుకుంటే ఒక్కటీ గుర్తుపట్టలేం. నాకు ఆ మెలికలు కంటికి ఆనడానికి రెండేళ్లు పట్టింది.

కీన్‌ను హవాయికి పంపారు. అక్కడ అతని ముందుకు వచ్చినవి చనిపోయిన జపాన్ సైనికుల డైరీలు. నెత్తుటి మరకలతో, భరించలేని వాసనతో. కొన్నింటి చివర, ఇది దొరికిన అమెరికన్ యుద్ధం అయ్యాక మా ఇంటికి చేర్చమని ఇంగ్లీషులో రాసి ఉండేది. కీన్ వాటిని బల్ల సొరుగులో దాచాడు. ఎప్పటికైనా ఆ ఇళ్లకు చేర్చాలని. సోదాలో దొరికిపోయాయి, తీసేసుకున్నారు. ఆ బాధ ఆయన తర్వాత రాసుకున్నాడు. యుద్ధం అయ్యాక జీవితమంతా జపాన్ సాహిత్యానికే ఇచ్చాడు.

పాత అట్లాసు
చాలా థాంక్సండీ. ఆ పాఠశాల బర్క్‌లీ నుంచి కొలరాడోలోని బౌల్డర్‌కు ఎందుకు మారింది?

కంజి కాగితాలు
పాఠాలు చెప్పేవాళ్లలో చాలామంది జపాన్ సంతతివాళ్లు కాబట్టి. 1942 ఫిబ్రవరిలో 9066 నంబరు ఉత్తర్వు వచ్చాక పసిఫిక్ తీరంలో ఉన్న జపాన్ సంతతి వాళ్లందర్నీ ఖాళీ చేయించి శిబిరాలకు తరలించారు. ఆ ఉత్తర్వు ప్రకారం పంతుళ్లు బర్క్‌లీలో ఉండటానికి వీల్లేదు. పంతుళ్లు లేకపోతే బడి లేదు. జూన్‌లో బడినే తీరం నుంచి లోపలికి, కొలరాడో విశ్వవిద్యాలయానికి మార్చారు. ఆ రాష్ట్ర గవర్నర్ రాల్ఫ్ కార్ అప్పట్లో వీళ్లకు బాహాటంగా అండగా నిలబడ్డాడు.

ఒకసారి ఊహించుకోండి. మీ బంధువులు ముళ్లకంచె వెనక ఉన్నారు. మీరు రోజూ పొద్దున్నే క్లాసుకు వెళ్లి, అదే ప్రభుత్వపు నౌకాదళ కుర్రాళ్లకు మీ అమ్మభాషను ఓపిగ్గా దిద్దిస్తున్నారు. ఆ కోర్సు గురించి ఎప్పుడు మాటొచ్చినా విద్యార్థుల పేర్లే వినిపిస్తాయి. నాకు ఆ పంతుళ్లు గుర్తొస్తారు.

బ్రిటన్‌లోనూ ఇలాంటిదే ఒకటుంది. బెడ్‌ఫర్డ్‌లో కెప్టెన్ ఆస్వాల్డ్ టక్ అనే రిటైరైన నౌకాదళ అధికారి, 65 ఏళ్లవాడు, ఆక్స్‌ఫర్డ్ కేంబ్రిడ్జిల్లో లాటిన్, గ్రీకు చదివే కుర్రాళ్లను తీసుకుని ఆరు నెలల్లో జపనీస్ సందేశాలు చదివించాడు. మొదటి బ్యాచ్ 1942 ఫిబ్రవరిలో. ఇంత తక్కువ కాలంలో కుదరదన్నవాళ్లే ఎక్కువ. ఆయన కిటుకు ఒక్కటే: సంభాషణ వద్దు, మర్యాద వాక్యాలు వద్దు, నౌకాదళ సందేశాల్లో వచ్చే మాటలు మాత్రమే. చేరబోయే పనేమిటో తెలుసు కాబట్టే ఏది వదిలేయాలో తెలిసింది.

నింగి చూపు
వాతావరణ శాస్త్రం మర్చిపోకండి. వైమానిక దళానికి వాతావరణ అధికారులు కావాల్సివచ్చి ఎంఐటీ, షికాగో, న్యూయార్క్, కాల్‌టెక్, లాస్ ఏంజెలెస్ కాలిఫోర్నియా, ఈ ఐదు విశ్వవిద్యాలయాల్లో వేలమందికి శిక్షణ ఇచ్చారు. హార్వర్డ్‌లో గణితం చదువుతున్న ఎడ్వర్డ్ లోరెంజ్ అలాగే ఎంఐటీకి వచ్చాడు. పసిఫిక్‌లో సైపాన్, ఒకినావాల్లో బాంబర్లకు వాతావరణ అంచనాలు వేశాడు. యుద్ధం అయ్యాక గణితానికి తిరిగి వెళ్లలేదు. 1963లో ఆయన రాసిన పత్రంతోనే కయోస్ సిద్ధాంతానికి (మొదట్లో ఉన్న చిన్న తేడా చివరికి పెద్ద మార్పుకు దారితీస్తుందనే సిద్ధాంతం) దారి పడింది.

లెక్కల మాస్టారు
లోరెంజ్ అలా వచ్చాడని నాకు తెలియదు! ఆయన సమీకరణాలు ఏటా బోర్డు మీద వేస్తాను. ఈసారి పిల్లలకు ఇది కూడా చెప్తాను.

రాధిక ఎం.
ఇంతసేపూ అందరూ కుర్రాళ్లనే అంటున్నారు. ఆడవాళ్ల కోర్సులు కూడా ఉన్నాయి. నౌకాదళం 1942లో స్మిత్ కాలేజీలో మహిళా ఆఫీసర్ల స్కూలు తెరిచింది. గ్రేస్ హాపర్ గణితంలో డాక్టరేట్ ఉన్న ప్రొఫెసర్. 37 ఏళ్ల వయసులో, తనకన్నా చాలా చిన్నవాళ్లతో కలిసి అక్కడ డ్రిల్ చేసి, 1944లో క్లాసులో ఫస్టు వచ్చింది. హార్వర్డ్‌లో మార్క్-1 అనే తొలినాటి కంప్యూటర్ మీద వేశారు. ప్రోగ్రామింగ్ భాషల చరిత్ర ఆమెను తలవకుండా మొదలుకాదు.

నర్సుల సంగతి ఇంకా పెద్దది. 1943 జులైలో క్యాడెట్ నర్స్ కోర్ మొదలైంది. ఫీజులు, పుస్తకాలు, యూనిఫాం, నెల నెలా కొంత డబ్బు ప్రభుత్వానివే. మూడేళ్ల చదువును 30 నెలలకు కుదించారు. 1,24,000 మందికి పైగా పూర్తిచేశారు. నర్సులు యుద్ధానికి వెళ్లిపోతే ఇంటి దగ్గర ఆసుపత్రుల్ని మోసింది ఈ విద్యార్థినులే. రాత్రి వార్డులో ముప్పైమంది రోగులకు ఒక రెండో ఏడాది అమ్మాయి అంటే ఏమిటో నర్సింగ్ చదివినదాన్ని కాబట్టి తెలుసు. చార్టులో జ్వరం అంకె రాస్తుంటే చేయి వణుకుతుంది, ఎవర్నీ లేపబుద్ధి కాదు, లేపకపోతే ఏమవుతుందోనని ఇంకా భయం.

తాళపత్రం
ఇక్కడ ఎవరూ 1918 ఎత్తలేదు. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇదే సైన్యం ఇదే పని ఒకసారి చేసి దెబ్బతింది. స్టూడెంట్స్ ఆర్మీ ట్రైనింగ్ కోర్. అక్టోబరు 1న అయిదు వందలకు పైగా కాలేజీల్లో దాదాపు 1,40,000 మంది విద్యార్థులు ఒకే రోజు ప్రమాణం చేశారు. కాలేజీలు బారక్సులైపోయాయి. సరిగ్గా అప్పుడే ఫ్లూ మహమ్మారి ఉధృతమైంది. కిక్కిరిసిన పడకల మధ్య అది పాకిపోయింది. డ్రిల్‌కూ గార్డు డ్యూటీకీ పోగా పుస్తకం తెరిచే తీరిక లేదు, నిద్ర చాలక క్లాసులో తూలేవాళ్లు. ఆరు వారాలు తిరక్కుండానే, నవంబరు 11న యుద్ధం ముగిసింది. డిసెంబరులో ఎత్తేశారు.

అందులోంచి మిగిలింది ఒకటుంది. యుద్ధం ఎందుకు వచ్చిందో చెప్పడానికి అందరికీ తప్పనిసరి చేసిన కోర్సును కొలంబియా విశ్వవిద్యాలయం 1919లో సమకాలీన నాగరికత కోర్సుగా మార్చింది. నేటికీ నడుస్తోంది.

పాత అట్లాసు
అందరికీ కృతజ్ఞతలు. నాకు అర్థమైంది చెప్తాను, తప్పైతే దిద్దండి. వీ-12, జపనీస్ బడి, వాతావరణం, నర్సులు, వీటన్నిటికీ అవతలి గుమ్మంలో ఎవరో ఎదురుచూస్తున్నారు. ఓడ కెప్టెనో, గూఢచారి విభాగమో, వార్డు సిస్టరో. ఏఎస్‌టీపీ ఇంజనీర్ కోసం అలా ఎవరూ లేరు. ఒక్క మినహాయింపు నాకు దొరికింది: అణుబాంబు ప్రాజెక్టుకు సాంకేతిక నిపుణులు కావాల్సివచ్చి ఈ విద్యార్థుల్లో కొందర్ని లాస్ అలమోస్, ఓక్ రిడ్జ్‌లకు తీసుకెళ్లారు. అక్కడ ఎవరో అడిగారు, వీళ్లు వెళ్లారు.

హవల్దార్ గారూ, ఒక్కటి అడుగుతాను. మార్షల్ స్థానంలో మీరుంటే?

మాజీ హవల్దార్
రెండు రోజులు ఆలోచించి రాస్తున్నాను. 1944 ఫిబ్రవరిలో నేనైనా వాళ్లను పంపేవాణ్ణి. ముందు వరుసలో మనుషులు తగ్గితే మిగిలినవాళ్లకు మార్పిడి, అంటే వాళ్ల చోట నిలబడి విశ్రాంతి ఇచ్చేవాళ్లు, దొరకదు. మార్పిడి లేని సెక్షన్ నెల రోజుల్లో కరిగిపోతుంది. వాళ్లూ ఎవరి పిల్లలో కదా.

కానీ 1942 డిసెంబరులో ఆ మాట ఇచ్చేవాణ్ణి కాదు. ఎందరు ఇంజనీర్లు కావాలో ప్రతి శాఖనూ రాతపూర్వకంగా అడిగేవాణ్ణి. ఇరవై వేలంటే ఇరవై వేలమందినే తీసుకునేవాణ్ణి. మిగిలినవాళ్లకు మొదటి రోజే రైఫిల్ ఇచ్చి, దాన్ని వాడటం తీరిగ్గా నేర్పించేవాణ్ణి. ఏడాది కాలేజీలో ఉండి వచ్చినవాడు తోటివాళ్లకంటే సైనిక శిక్షణలో వెనకబడి ఉంటాడు. హోదాలన్నీ అప్పటికే నిండిపోయి ఉంటాయి. అందరికన్నా ఎక్కువ స్కోరు వచ్చినవాడు అందరికన్నా కింద చేరతాడు. ఆ కోపం వాళ్ల మనసులో ఉండే ఉంటుంది. నేనైతే మర్చిపోలేకపోయేవాణ్ణి.

సుధ చదువరి
ఇంత నిజాయితీగా రాసినందుకు నమస్కారం సర్.

బతికి వచ్చినవాళ్ల సంగతి ఒకటి చేరుస్తాను. 1944 జూన్ 22న జీఐ బిల్లు మీద రూజ్వెల్ట్ సంతకం చేశాడు. కాలేజీ ఫీజు, బతకడానికి భత్యం. దాని కింద దాదాపు 22 లక్షల మంది మాజీ సైనికులు కాలేజీ చదువుకు వెళ్లారు. లఫాయెట్ కాలేజీలో ఏఎస్‌టీపీ ఇంజనీరింగ్ చదువుతూ 84వ పదాతి డివిజన్‌కు వెళ్లిన హెన్రీ కిసింజర్ 1947లో హార్వర్డ్‌లో చేరాడు, ఇంజనీరింగ్‌లో మాత్రం కాదు. వానెగట్ షికాగోలో మానవశాస్త్రం తీసుకున్నాడు. ఆగిన చోటి నుంచే మొదలుపెట్టినవాళ్లు ఎందరో, దాన్ని వదిలేసినవాళ్లు ఎందరో వెతకాలని ఉంది.

లెక్కల మాస్టారు
వెతకండమ్మా, దొరికితే ఇక్కడే రాయండి. కలనం సగంలో ఆపేసి యుద్ధానికి పోయి వచ్చి మళ్లీ కలనం పుస్తకం తెరిచినవాడు ఏ పేజీ నుంచి మొదలుపెట్టాడో నాకు తెలుసుకోవాలని ఉంది.